చేప క్షేమం

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. "నీళ్లు మారినవి. చేప క్షేమం." అప్పటికి ఏడు నెలలుగా రోజూ అదే సమయానికి వస్తోంది. పళ్లు తోముకుంటూ చదివాను. ఫోన్ కిటికీలో పెట్టి నోరు పుక్కిలించుకున్నాను.

ఆ మెసేజ్‌లోని మాటలు నేను రాసినవే. జరిగినదంతా ఆ రెండో వాక్యం వల్ల జరిగింది కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను.

నేను జనగామలో అక్వేరియంల పని చేసి మానుకున్న మనిషిని. రిటైరయ్యాను అంటే మా బంధువులు నవ్వుతారు. సర్కారు నౌకరీ కాదు, సన్మాన సభ జరగలేదు. ఒక రోజు సాయంత్రం దుకాణం షట్టర్ దించాను, మరునాడు ఎత్తలేదు, అంతే. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తవాళ్లు వస్తున్నారు. ఫోన్‌తో నడిచే మిషన్లు పెట్టుకుని చాలా ధీమాగా ఉన్నారు. ఆ ధీమా నాకు బాగా తెలుసు. వాళ్లలో ఎవరైనా చదువుతారని ఇది రాస్తున్నాను.

పెద్ద తొట్లలో నీళ్లు మార్చడం అంటే ఏమిటో ముందు చెప్పాలి. చేప తిన్నదీ విసర్జించినదీ అదే నీళ్లలో ఉంటుంది. వారానికోసారి నాలుగో వంతు నీళ్లు తీసి కొత్తవి పోయాలి. చెప్పడానికి ఒక వాక్యం చాలు. ఎనిమిది అడుగుల తొట్టికి చేయడానికి ఒక పూట పడుతుంది.

మా దుకాణంలో ఆ పని అన్న చేసేవాడు. సొంత అన్న కాదు. తరిగొప్పుల దగ్గరి పల్లె మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. దుకాణం నా పేరు మీద ఉండేది, పని ఆయన చేతుల్లో ఉండేది. రెగ్జిన్ సంచిలో ఒక రబ్బరు పైపు చుట్ట, ఒక పాత తువ్వాలు పెట్టుకుని బస్సెక్కేవాడు. జనగామలో పదిహేను ఇళ్లు, మహబూబాబాద్‌లో ఒక పళ్ల డాక్టరు క్లినిక్‌తో కలిపి నాలుగు చోట్లు, భూపాలపల్లిలో ఒకే ఒక్క ఇల్లు. ఆ ఒక్క ఇంటికి రెండు రోజులు పట్టేది. మొదటి రోజు వెళ్లి రెండు నీలం డ్రమ్ముల్లో నల్లా నీళ్లు పట్టి మూత తీసి ఉంచేవాడు. నీళ్లలో వేసిన బ్లీచింగ్ మందు ఘాటు గాలికి పోవాలి. రెండో రోజు పోసేవాడు.

పోసే ముందు ఒక పని చేసేవాడు. దోసిట్లో ఆ నీళ్లు తీసుకుని నోట్లో పోసుకునేవాడు. కళ్లు మూసుకుని నాలుక మీద ఆడించి ఉమ్మేవాడు. బాగుంటే ఏమీ అనకుండా పైపు అందుకునేవాడు. బాగలేకపోతే, "ఇంకా పచ్చిగనే ఉన్నయ్. మాపటిదాంక ఆగాలె" అనేవాడు. ఆగేవాడు. ఇంటివాళ్లు బయటికి వెళ్లాలన్నా, చుట్టాలు వచ్చినా ఆగేవాడు.

నేను నీళ్ల పరీక్షకు రంగు కాగితాలు తెప్పించాను. ఆయన ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గీ కాయిదానికి దప్పికైతదా తమ్మీ?" అని తిరిగిచ్చాడు.

ఇళ్లవాళ్లకు ఆయన మీద రెండు ఫిర్యాదులుండేవి. హాలులో డ్రమ్ములు పెడతాడు, వాష్‌బేసిన్‌లో ఉమ్ముతాడు. భూపాలపల్లి ఇంటావిడ నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది. "నీళ్లు తాగి చూసుడేందయ్యా? మేమేమన్న విషం కలుపుతమా?"

అన్నకు మోకాళ్ల నొప్పులున్నాయని, అందుకే ఆయన శ్రమ తగ్గించడానికి మిషన్ పెట్టానని నేను చాలా ఏళ్లు అందరికీ చెప్పాను. మోకాళ్ల నొప్పులు నిజమే. కానీ అసలు కారణం అది కాదు. నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మే మనిషి నా దుకాణం మనిషి కావడం నాకు సిగ్గుగా ఉండేది. నేను పుస్తకాలు చదివేవాణ్ణి. ఫోన్‌లో వేరే దేశాలవాళ్ల తొట్లు, వాటంతట అవే నీళ్లు మార్చుకునే ఏర్పాట్లు చూసేవాణ్ణి. ఆ వీడియోల్లో ఎవరూ ఉమ్మరు.

భూపాలపల్లి ఇంటాయన ఆ చుట్టుపక్కల పల్లెలో భూములున్న కుటుంబంవాడు, రోడ్ల కాంట్రాక్టులు చేసేవాడు. అన్న ఆయన్ను పటేలా అని పిలిచేవాడు, నేను సార్ అనేవాణ్ణి. ఆయనకు ఎప్పటికైనా ఎన్నికల్లో గెలవాలని కోరిక. ఏ ఎన్నిక అన్నది మాత్రం ఏడాదికేడాది చిన్నదవుతూ వచ్చి, చివరికి వాళ్ల కాలనీ సంఘం అధ్యక్ష పదవి దగ్గర ఆగింది. హాలులో ఈశాన్యం మూలన ఎనిమిది అడుగుల తొట్టి. అందులో ఒకటే అరోవానా. మనవాళ్లు వాస్తు చేప అంటారు. వెండిరంగు పొలుసులు, రెండున్నర అడుగుల పొడుగు, బరువైన ఈత. ఇంటికి వచ్చే కీడును తన మీద వేసుకుంటుందని ఆ చేప గురించి ఒక నమ్మకం ఉంది. పటేలు దాన్ని అందుకే కొన్నాడు.

అన్నకు ఆ నమ్మకం లేదు. అరచేయంత ఉన్నప్పుడు దాన్ని సంచిలో నీళ్లు పోసి బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లింది ఆయనే. తొమ్మిదేళ్లు వారం వారం చూసుకున్నాడు. ఆయన హాలులోకి రాగానే అది అద్దం దగ్గరికి వచ్చేది. చేతిలో రొయ్య పట్టుకుంటే నీళ్లలోంచి తలెత్తి అందుకునేది. పటేలు చేయి పెడితే వచ్చేది కాదు. దాని మీద పటేలుకు కొంత కోపం కూడా ఉండేది.

మిషన్ అనేది పెద్ద విషయమేమీ కాదు. రెండు కరెంటు వాల్వులు, రెండు తేలే బుడ్లు, ఒక టైమర్. ఉదయం ఆరింటికి కింది వాల్వు తెరుచుకుని కొన్ని నీళ్లు తోటలోకి పోతాయి. బుడ్డి కిందికి దిగగానే ఆ వాల్వు మూసుకుని నల్లా వైపుది తెరుచుకుంటుంది. నీళ్లు నిండి పై బుడ్డి లేస్తే అదీ మూసుకుంటుంది. పది నిమిషాల పని. వారానికోసారి చాలా నీళ్లకు బదులు రోజూ కొద్దిగా. నల్లాకు, తొట్టికి మధ్య బ్లీచింగ్ ఘాటు పీల్చుకోవడానికి ఒక బొగ్గు ఫిల్టర్ బిగించాను. దాన్ని చూసి పటేలు పడీ పడీ నవ్వాడు.

"భూపాలపల్లికి జనగామ నుంచి బొగ్గు పట్టుకొచ్చినవా? మా ఊరి గనులల్ల ఏం తక్కువున్నదని?"

"గిది వేరే బొగ్గు సార్. మూడు నెలలకోసారి మార్చాలె."

"మారుస్తం, మారుస్తం."

ఎవరూ మార్చలేదు. నేనూ వెళ్లి అడగలేదు. మిషన్ పెట్టాక ఆ ఇంటికి వెళ్లాల్సిన అవసరమే కనపడలేదు.

పని అయ్యాక పటేలు ఫోన్‌కూ నా ఫోన్‌కూ మెసేజ్ వచ్చేలా చేశాను. మొదట నేను రాసిన మాటలు ఇవి: "ఒకటో వాల్వు మూసుకున్నది. రెండో వాల్వు మూసుకున్నది." పటేలు చదివి మొహం చిట్లించాడు.

"గిదేందయ్యా, కరెంటాఫీసు నోటీసు లెక్క. జర మంచిగ రాయరాదు? పొద్దుగాల లేచి చూస్తె మనసుకు నిమ్మళంగుండాలె."

నాకు చదువు మీద, మాటల మీద కొంచెం గర్వం ఉంది. అక్కడే కూర్చుని మార్చి రాశాను. "నీళ్లు మారినవి. చేప క్షేమం." పటేలు పైకి రెండుసార్లు చదివాడు. "గట్ల! గిప్పుడు ఉత్తరం లెక్కున్నది" అన్నాడు. అదనంగా ఒక మీట కావాలన్నాడు. టైముతో పని లేకుండా ఎప్పుడు కావాలంటే అప్పుడు ఫోన్‌లో నొక్కితే నీళ్లు మారాలి. నలుగురిలో కూర్చున్నప్పుడు చూపించడానికి. అదీ పెట్టాను.

అన్న అంతసేపూ గోడకు ఆనుకుని కూర్చుని చాయ తాగుతున్నాడు. మెసేజ్ చదివి వినిపించాను.

"చేప క్షేమమని ఎవరు చూసిన్రు తమ్మీ?" అన్నాడు.

నేను ఆయనకు తేలే బుడ్ల గురించి వివరంగా చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. తర్వాత రెండు నీలం డ్రమ్ములూ కడిగి బోర్లించాడు. తొట్టి దగ్గరికి వెళ్లి కాసేపు నిలబడి వచ్చాడు.

ఆ తర్వాత ఏడు నెలలు అన్న దుకాణంలో స్టూలు మీద కూర్చుని చేపల మేత పొట్లాలు కట్టాడు. జనగామ ఇళ్లలోనూ నా మిషన్లే పెట్టించాను. మహబూబాబాద్ పళ్ల డాక్టరు కూడా పెట్టించుకున్నాడు. రోజూ ఉదయం దుకాణంలోకి రాగానే అన్న అడిగేవాడు.

"భూపాలపల్లి నుంచి వచ్చిందా?"

"వచ్చిందన్నా."

"ఏమన్నది?"

"క్షేమమే."

తల ఊపి మేత డబ్బా దగ్గరికి లాక్కునేవాడు.

ఇక ఆ రోజు. ఆదివారం. పటేలు కాలనీ సంఘం అధ్యక్షుడిగా ప్రమాణం చేసే రోజు. కాలనీకి సొంత బోరు, సొంత ట్యాంకు ఉన్నాయి. ఇంటి ముందు టెంటు, వేదిక, రెండు వందల మందికి భోజనాలు. నన్ను కూడా పిలిచాడు కానీ నేను వెళ్లలేదు.

ఆరు పదికి ఒక మెసేజ్ వచ్చిందని చెప్పాను కదా. ఎనిమిదీ ఇరవైకి ఇంకొకటి వచ్చింది. తర్వాత ఎనిమిదీ ముప్పావుకు, తొమ్మిదీ ఐదుకు, తొమ్మిదీ ఇరవైకి. అన్నింటిలోనూ అవే మాటలు. విషయం నాకు అర్థమైంది. అతిథులు గుంపులు గుంపులుగా వస్తున్నారు, పటేలు ఒక్కో గుంపుకు మీట నొక్కి చూపిస్తున్నాడు. పని నేర్చుకున్నప్పటి నుంచి అంత సంతోషపడ్డ ఉదయం లేదు నాకు. అన్నకు కూడా చూపించాను.

"ఎన్నిసార్లు?" అన్నాడు.

"ఐదు. అన్నిట్ల క్షేమమనే ఉన్నదన్నా."

ఆయన పొట్లం కట్టడం ఆపాడు. "ఒక్క పూటల ఐదు మార్లా? నల్లా నీళ్లు నేరుగనా?"

"బొగ్గు ఫిల్టర్ ఉన్నది గదా."

"ఎన్నడు మార్చిన్రు దాన్ని?"

అంతలో ఆయన ఫోన్ మోగింది. పాత మీటల ఫోన్. పటేలు ఇంట్లో వంట చేసే అక్క. నెల్లికుదురు వైపు క్రైస్తవుల ఇంటి మనిషి. ఏళ్లుగా ఆ వంటింట్లో ఉంది. ఆమె దగ్గర అన్న నంబరు ఉంది. నాది లేదు. నేనెప్పుడూ ఇవ్వలేదు. ఆమె గొంతు నాకు కూడా వినపడేంత గట్టిగా ఉంది.

"అన్నా, చేప మీదికెల్లి ఎగుర్తున్నది. మూతకు కొట్టుకుంటున్నది. ప్రభువా, గట్ల ఎన్నడు చూడలే. పొద్దుగాల నుంచి నల్లా నీళ్లు దవాఖాన వాసనొస్తున్నయ్. బియ్యం కడిగితె చేతులు మండుతున్నయ్. అమ్మగారికి చెప్పిన. ఫోన్ల అంత మంచిగనే ఉన్నదని వచ్చిందంట, ఊకోమన్నది."

"ముందుగాల మిషన్ ప్లగ్గు పీకెయ్" అన్నాడు అన్న.

"సారు తిడుతడన్నా."

"నేను చెప్పిన్నని చెప్పు. పీకినవా? ఇప్పుడు చెప్పు, తాగే నీళ్ల క్యాన్లు ఉన్నయా ఇంట్ల?"

"చుట్టాల కోసమని ఇరవై తెచ్చిన్రు."

"పెద్ద గంజు?"

"టెంటోళ్లది బగారన్నం వండే గంజు ఒకటి ఖాళీగున్నది."

"మంచిగ కడుగు. నల్లా నీళ్లతోని కాదు, క్యాను నీళ్లతోని. కడిగి, క్యాన్లన్ని అండ్ల పొయ్యి. దుప్పటి తడిపి చేపను దాంట్ల పెట్టి ఇద్దరు పట్టుకొని దించుర్రి. కండ్లు మూతవడేటట్టు కప్పుర్రి, బెదురదు."

"అన్ని క్యాన్లా అన్నా? చుట్టాలకు తాగేటందుకు?"

"వాళ్లకు నల్లా ఉన్నది గదా" అన్నాడు.

అప్పటికే చెప్పులు వేసుకున్నాడు. నేను షట్టర్ దించాను. హనుమకొండలో బస్సు మారి భూపాలపల్లి చేరేసరికి ఒకటిన్నర దాటింది. దారిలో ఆయన వంట అక్కకు మూడుసార్లు ఫోన్ చేశాడు. "ఊపిరి తీస్తున్నదా? మొప్పలు ఆడుతున్నయా?" నేను నా ఫోన్ చూస్తూ కూర్చున్నాను. మెసేజ్ రాలేదు. పటేలు మీట నొక్కే ఉంటాడు. ప్లగ్గు పీకేసి ఉంది కాబట్టి ఏడు నెలల్లో మొదటిసారి ఆ మిషన్ తెలియని సంగతి చెప్పకుండా ఊరుకుంది.

మేము వెళ్లేసరికి వేదిక మీద ఉపన్యాసాలు నడుస్తున్నాయి. పదకొండింటి ముహూర్తం. ముఖ్య అతిథి పన్నెండున్నరకు వచ్చాడట. పటేలు మైకు ముందు నిలబడి కాలనీ నీళ్ల గురించే చెబుతున్నాడు. "మన ట్యాంకు నీళ్లు అద్దం లెక్క ఉంటయ్. కావాలంటే మా ఇంట్ల చేపను అడుగుర్రి!" జనం చప్పట్లు కొట్టారు.

మేము పక్క సందులోంచి వెనక వాకిట్లోకి వెళ్లాం. వంట అక్క గంజు పక్కన కూర్చుని ఉంది. ఆమె పక్కన కాలనీ మోటారు నడిపే మనిషి, చేపను మోయడానికి సాయం పట్టినవాడు. చొక్కా అంతా తడి. మమ్మల్ని చూసి లేచి సంతోషంగా చెప్పాడు.

"రాత్రి ట్యాంకు నేనే కడిగిన అన్నా. అధ్యక్షులవారి మొదటి దినం గదా, నీళ్లు తెల్లగ తళతళ మెరవాలని బ్లీచింగు మూడు డబ్బాలు ఎక్కువ ఏసిన. ఎవ్వలు చెప్పలే. నా ఇష్టంతోని ఏసిన."

ఆ మర్యాద ట్యాంకులోంచి కాలనీ అంతటికీ సమానంగా వెళ్లింది. కానీ కాలనీలో ఎవరూ నల్లా నీళ్లు తాగరు. అందరూ క్యాను నీళ్లే. స్నానాల్లో వాసన వస్తే శుభ్రంగా ఉందనుకున్నారట. ఆ నీళ్లు మింగాల్సి వచ్చింది చేప ఒక్కదానికే. దానికి రోజుకోసారి కాదు, ఆ పూట ఐదుసార్లు పట్టించాం.

అన్న గంజు ముందు కూర్చుని మొదట దోసిట్లో నీళ్లు తీసుకుని నోట్లో పోసుకున్నాడు. పక్కకు ఉమ్మి, చొక్కా చేతులు పైకి మడిచి, రెండు చేతులూ చేప పొట్ట కింద పెట్టాడు. దాని పొలుసులు పాలిపోయి ఉన్నాయి. కళ్ల మీద తెల్లటి పొర. ఆయన దాన్ని నీళ్లలో మెల్లగా ముందుకు జరిపి, ఆపి, మళ్లీ జరుపుతున్నాడు. అలా చేస్తే నోట్లోంచి నీళ్లు వెళ్లి ఊపిరి అందుతుంది. నేను పక్కన నిలబడ్డాను. నాకు చేయడానికి పని లేదు. జేబులో స్క్రూడ్రైవర్ ఉంది.

ఆ సమయంలోనే ముందు టెంటులో గొడవ లేచింది. క్యాన్లు లేకపోవడంతో వడ్డించేవాళ్లు జగ్గుల్లో నల్లా నీళ్లు నింపి వేదిక మీద పెట్టారట. ఎండకు దప్పికగా ఉన్న ముఖ్య అతిథి ఒకేసారి సగం గ్లాసు నోట్లో పోసుకున్నాడు. అప్పుడే కప్పిన కొత్త శాలువాలోకి ఉమ్మాడు. ఆయన పక్కన ఉన్నవాళ్లు నమ్మక తామూ తాగి చూశారు. ఒకరి తర్వాత ఒకరు ఉమ్మారు. నలుగురిలో నీళ్లు ఉమ్మే మనిషిని చూసి సిగ్గుపడి నేను మిషన్ పెట్టించాను. ఆ రోజు కాలనీ పెద్దలంతా అదే పని చేశారు. మైకులో పటేలు గొంతు వినపడింది. "శాంతంగుండుర్రి! గిది ఓడిపోయినోళ్ల పని! మనల్ని బద్నాం చేసేటందుకే చేసిన్రు!"

వాకిట్లో అన్న తల ఎత్తలేదు. "మోటారు కాడికి పొయ్యి ట్యాంకు నీళ్లన్ని బయటికి ఇడిచిపెట్టు బిడ్డా" అని మోటారు మనిషితో అన్నాడు. "పిలగాండ్లు ఆ నీళ్లు తాగుతరేమో." మొహం వాడిపోయి అతను పరిగెత్తాడు.

పావు తక్కువ నాలుగుకు అన్న చేతులు ఆపాడు. ఇంకొంచెం సేపు అలాగే పట్టుకున్నాడు. "అయిపోయింది" అన్నాడు. వంట అక్క కొంగు తల మీద కప్పుకుని పెదవులు కదిలించింది. ఆయన చేతులు తువ్వాలుతో తుడుచుకున్నాడు.

పటేలు అప్పటికి వెనక్కి వచ్చాడు. ముఖం ఎర్రగా ఉంది. గంజులోకి వంగి చూశాడు. నేను చెప్పవలసిన మాటలు కూడగట్టుకుంటున్నాను. సార్, తప్పు నాది. ఫిల్టర్ మార్చారో లేదో అడగలేదు. చూడనిదాన్ని చూసినట్టు రాశాను. ఈలోగా ఇంటావిడ వచ్చింది, ఆమె వెనక నలుగురు చుట్టాలు. వాళ్లలో ఒకాయన గంజు చూసి గట్టిగా ఊపిరి పీల్చాడు.

"గండం పోయింది బావా. నీ మీదికొచ్చింది అది తీసుకున్నది."

పటేలు ముఖంలో రంగు తిరిగి రావడం నా కళ్లతో చూశాను. చేపకు రెండు చేతులూ జోడించాడు. మిగతావాళ్లూ జోడించారు.

అన్న లేచి నిలబడ్డాడు. "నీళ్లల్ల మందెక్కువై సచ్చింది పటేలా. గండం కాదు. అవే నీళ్లు మీ ఇండ్లల్ల వస్తున్నయ్."

"గదంత తర్వాత మాట్లాడుకుందాం పెద్దమనిషీ. ఇయ్యాల మంచి దినం" అన్నాడు పటేలు. తర్వాత నా వైపు తిరిగాడు. "నీ మిషన్‌ది ఏం తప్పు లేదయ్యా. ఆఖరిదాంక నీళ్లు మార్చింది. నేను కండ్లార చూసిన." వేదిక మీద మిగిలిపోయిన శాలువాల్లో ఒకటి తెప్పించి నాకు కప్పాడు. ఎవరో ఫొటో తీశారు. వంట అక్క అటు తిరిగి గంజులోని నీళ్లు పారబోయడం మొదలుపెట్టింది.

నా పని జీవితంలో నాకు కప్పిన శాలువా అదొక్కటే. తీసి ఆయన చేతిలో పెట్టవలసింది. కూడగట్టుకున్న మాటలు చెప్పవలసింది. థాంక్యూ సార్ అన్నాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన అన్న కూర్చున్నాడు. ఆయన తిడతాడని ఎదురుచూశాను. పరకాల దాటాక మాట్లాడాడు.

"మిషన్ మీద నాకేం కోపం లేదు తమ్మీ. అది చూసిన్నని చెప్పలే. నువ్వు చెప్పించినవ్."

అంతకంటే ఒక్క మాట అనలేదు. ఆ రోజు కాదు, తర్వాత కూడా.

మరునాడు నేను అందరి మిషన్లలోనూ మాటలు మార్చాను. "వాల్వులు మూసుకున్నవి. చేపను చూడండి." నా జీవితంలో రాసిన అన్నిటికన్నా నిజాయితీగల వాక్యం అదే. దాన్ని ఎవరూ మెచ్చుకోలేదు. వారంలో ఆరుగురు ఫోన్ చేశారు. పళ్ల డాక్టరుకు కోపం కూడా వచ్చింది.

"క్షేమం అని తీసేసినవేందన్నా? పొద్దున లేచి చదువుకుంటె మంచిగుండె."

"ఒకసారి తొట్టి కాడికి పోయి చూడుర్రి డాక్టర్ సాబ్."

"నేనే చూసుడైతె మిషనెందుకు?"

ఆయనకు తిరిగి పాత మాటలే పెట్టాను. ఇంకో ఇద్దరికీ పెట్టాను. వినేవాళ్ల ఇళ్లకు మాత్రం అన్న మళ్లీ సంచి పట్టుకుని వెళ్లాడు. మిషన్ ఉన్నా సరే, వారానికోసారి నల్లా తిప్పి నీళ్లు నోట్లో పోసుకునేవాడు. ఫిల్టర్ మార్చాలా వద్దా అన్నది ఆయనే చెప్పేవాడు. నేను పక్కన నిలబడి రాసుకునేవాణ్ణి. సిగ్గు పోయింది. అప్పటికి ఇళ్లు తగ్గిపోయాయి. భూపాలపల్లిలో పటేలు కొత్త చేపను కొన్నాడు, ఇంకా పెద్ద తొట్టి, హైదరాబాదు కంపెనీ మిషన్. అందులో మాటలు కూడా ఉండవు, పచ్చటి టిక్కు గుర్తు ఒకటి వస్తుంది. ఇప్పుడున్నది నాలుగో చేప అని వంట అక్క చెప్పింది. గండాలు ఆ ఇంటికి బాగానే వస్తున్నట్టున్నాయి.

అన్న నిరుడు పోయాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. మహబూబాబాద్‌లో కూతురి ఇల్లుంటే అక్కడి దవాఖానలో చేర్చారు. నేను జనగామ నుంచి రోజూ ఉదయం ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టేవాణ్ణి. "అన్న ఎట్లున్నడు బిడ్డా?" కాసేపటికి జవాబు వచ్చేది. "మంచిగనే ఉన్నడు బాబాయ్." పదకొండు రోజులు అదే జవాబు. చదివి, ఫోన్ కిటికీలో పెట్టి, నా పనిలో నేను పడేవాణ్ణి. జనగామ నుంచి కాజీపేట పోయి రైలు మారితే మహబూబాబాద్ ఒక పూట ప్రయాణం కూడా కాదు. పన్నెండో రోజు జవాబు రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తింది ఆమె భర్త, ఏడుస్తున్నాడు.

ఆ అమ్మాయి తప్పేం లేదు. నేను ఏం చదవాలనుకున్నానో అదే రాసింది. ఆ రాత తీరు నాకు తెలిసినదే. నేను వెళ్లి చూడలేదు.

దినాల నాడు ఆమె ఆయన సంచి నాకిచ్చింది. పైపు చుట్ట, తువ్వాలు. పైపు రబ్బరు పగిలింది. షట్టర్ దించింది ఆ తర్వాతి నెలలోనే.

జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో మేము చూసిన తొట్లు చాలావరకు ఇంకా ఉన్నాయి. అన్నిటికీ మిషన్లున్నాయి, అవి బాగానే పనిచేస్తున్నాయి. తొట్టిలోకి వదిలే ముందు నీళ్లు దోసిట్లో పట్టి నోట్లో పోసుకుని చూడటం మాత్రం ఇప్పుడు ఎవరూ చేయడం లేదు.